సర్పి టీకా వేయించుకుంటే మతిమరుపు జబ్బు తగ్గుతుందా? వేల్స్ పరిశోధన గురించి

గోదారిగట్టు రాశారు:

అందరికీ నమస్కారం. మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ తిరుగుతోంది. "ఈ ఒక్క ఇంజెక్షన్ చేయించుకుంటే అల్జీమర్స్ రాదు, విదేశాల్లో రుజువైంది, డాక్టర్లు మీకు చెప్పరు" అని. మామూలుగా అయితే చదవకుండానే డిలీట్ చేసేదాన్ని. కానీ అందులో నేచర్ పత్రిక పేరుంది. వెతికితే నిజంగానే 2025 ఏప్రిల్లో అలాంటి పేపరు వచ్చింది, బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతం వాళ్ళ మీద. సర్పికి, అదే కొన్నిచోట్ల అక్కి అంటారే, దానికి వేసే టీకా వల్ల డిమెన్షియా, అంటే అల్జీమర్స్ లాంటి మతిమరుపు జబ్బులు, ఐదో వంతు తగ్గిందట. నడుం మీద వచ్చే పొక్కులకీ మెదడుకీ సంబంధం ఏమిటో నాకు అర్థం కాలేదు.

అమ్మకి 68. బీపీ ఉంది, వినికిడి కాస్త తగ్గింది. అమ్మమ్మ ఆఖర్లో ఎవరినీ గుర్తుపట్టలేదు, అందుకని అమ్మకి ఈ జబ్బంటే చాలా టెన్షన్. మెసేజ్ చూసినప్పటి నుంచి ఎప్పుడు వేయిస్తావని అడుగుతోంది. తెలిసినవాళ్ళు చెప్పండి, ఇది నమ్మదగిన విషయమేనా?

---

సీమపులి రాశారు:

నమ్మొద్దండి. టీకా చేతి డబ్బు పెట్టి వేయించుకునేది ఎవరు? చదువుకున్నవాళ్ళు, పొద్దున్నే వాకింగ్‌కి పోయేవాళ్ళు, ఏడాదికోసారి ఫుల్ చెకప్ చేయించుకునేవాళ్ళు. వాళ్ళకి టీకా వేసినా వేయకపోయినా డిమెన్షియా తక్కువే వస్తుంది. పేరు మాత్రం టీకాకి పోతుంది. విటమిన్ మాత్రల మీద, రెడ్ వైన్ మీద ఇలాంటి కథలు ఎన్ని విన్లేదు!

---

లెక్కలమాస్టారు రాశారు:

సీమపులి గారి అనుమానం చాలా సరైనది. టీకాల మీద వచ్చే పరిశోధనలు చాలా ఈ గుంటలోనే పడతాయి. కానీ వేల్స్ పేపరు ప్రత్యేకత ఏమిటంటే, వాళ్ళు టీకా వేయించుకున్నవాళ్ళనీ వేయించుకోనివాళ్ళనీ పోల్చనే లేదు. పుట్టిన తేదీల్ని పోల్చారు.

జరిగింది ఇది. వేల్స్ ప్రభుత్వం 2013 సెప్టెంబరు 1న సర్పి టీకా కార్యక్రమం మొదలుపెట్టింది. అప్పటి టీకా పేరు జోస్టావాక్స్. సరఫరా తక్కువ, పైగా 80 దాటినవాళ్ళలో అది అంతగా పనిచేయదని ఒక లెక్క. అందుకని ఒక గీత గీశారు: 1933 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళకి అర్హత ఉంటుంది. అంతకు ముందు పుట్టినవాళ్ళకి లేదు, తర్వాత కూడా రాదు. మన స్కూళ్ళలో ఒకటో తరగతికి వయసు కటాఫ్ పెడితే ఒక్క రోజు తేడాతో ఏడాది ఆగిపోయే పిల్లలుంటారు కదా, అలాంటిదే.

ఇప్పుడు ఆలోచించండి. 1933 ఆగస్టు చివరి వారంలో పుట్టిన ముసలాయనకీ, సెప్టెంబరు మొదటి వారంలో పుట్టిన ముసలాయనకీ తేడా ఏముంటుంది? చదువు, ఆస్తి, వాకింగ్, సిగరెట్లు, అన్నీ సగటున ఒకటే. కానీ టీకా విషయంలో మాత్రం ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా. గీతకి ఒక వారం అటు పుట్టినవాళ్ళలో టీకా పడింది 0.01 శాతం మందికి. ఒక వారం ఇటు పుట్టినవాళ్ళలో 47.2 శాతం మందికి. ఎవరూ చీటీలు వేయలేదు, కానీ చీటీలు వేసి పంచినట్టే అయింది. అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ యూనివర్సిటీలో పనిచేసే పాస్కల్ గెల్డ్‌సెట్జర్ బృందం ఈ సంగతి పట్టుకుంది. 71 నుంచి 88 ఏళ్ళ మధ్య వయసున్న సుమారు 2 లక్షల 80 వేల మంది ఆరోగ్య రికార్డులు తీసి ఏడేళ్ళు ఏం జరిగిందో చూశారు.

టీకా వేయించుకున్న ప్రతి వంద మందిలో సుమారు 3.5 మందికి, అంటే ముగ్గురు నలుగురికి, ఆ ఏడేళ్ళలో రావాల్సిన డిమెన్షియా నిర్ధారణ రాలేదు. మొత్తం కేసుల్లో చూస్తే 20 శాతం తగ్గినట్టు. వాట్సాప్ మెసేజ్‌లో "రాదు" అన్నారు చూడండి, అది శుద్ధ అబద్ధం. వేయించుకున్నవాళ్ళలో కూడా చాలామందికి వచ్చింది.

---

సీమపులి రాశారు:

మాస్టారూ, గీత సంగతి బాగుంది, ఒప్పుకుంటా. కానీ అదే తేదీ నుంచి ఇంకేదైనా ప్రభుత్వ పథకం మొదలై ఉంటే? టీకాకని క్లినిక్‌కి పిలిచారు, అక్కడే బీపీ చూశారు, షుగర్ చూశారు. అప్పుడు మేలు చేసింది టీకానా, క్లినిక్‌నా?

---

లెక్కలమాస్టారు రాశారు:

ఇలాంటి ప్రశ్న వేసే విద్యార్థి ఒక్కడుంటే చాలు, క్లాసు నిలబడుతుంది.

వాళ్ళు అదీ చూశారు. ఆ పుట్టిన తేదీని కటాఫ్‌గా పెట్టుకున్న వేరే పథకం ఏదీ దొరకలేదు. గీతకి అటూ ఇటూ మిగతా టీకాలు వేయించుకోవడంలో, ఇతర జబ్బుల నిర్ధారణలో అలాంటి తేడా లేదు. తేడా కనపడింది సర్పిలోనూ డిమెన్షియాలోనూ. ఇది చాలదన్నట్టు ఆస్ట్రేలియాలో కూడా ఇలాంటి గీతే ఉంది. అక్కడ 2016 నవంబరులో 70 నుంచి 79 ఏళ్ళవాళ్ళకి ఉచితంగా మొదలుపెట్టారు. అక్కడి రికార్డులు తీసినా డిమెన్షియా తగ్గినట్టే తేలింది, అది కూడా 2025లోనే జామా అనే వైద్య పత్రికలో వచ్చింది. రెండు దేశాల్లో, రెండు వేరు వేరు తేదీల దగ్గర ఒకేలాంటి తేడా కనపడితే దాన్ని యాదృచ్ఛికం అనడం కష్టం.

నాకు మిగిలిన అసంతృప్తి ఒకటుంది. వేల్స్‌లో ఈ మేలు ఆడవాళ్ళలోనే బలంగా కనపడింది, మగవాళ్ళలో స్పష్టంగా లేదు. ఎందుకో చెప్పాల్సింది డాక్టర్లు, నేను కాదు.

---

పీజీ_కాకినాడ రాశారు:

డ్యూటీ మధ్యలో రాస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి.

గోదారిగట్టు గారూ, పొక్కులకీ మెదడుకీ సంబంధం అడిగారు. చిన్నప్పుడు ఆటలమ్మ పోసి తగ్గిపోయాక ఆ వైరస్ ఒంట్లోంచి వెళ్ళిపోదు. వెన్నుపాము పక్కన, ముఖం నరాల మొదట్లో ఉండే నరాల ముడుల్లో నక్కి కూర్చుంటుంది. వయసు మీద పడి రోగనిరోధక శక్తి తగ్గినప్పుడు ఒక నరం పట్టుకుని బయటికి వస్తుంది. అందుకే సర్పి ఒంటికి ఒకవైపే, ఒక పట్టీలాగా వస్తుంది. అంటే ఇది చర్మం జబ్బులా కనిపించే నరాల జబ్బు. ఆటలమ్మ వచ్చిన ప్రతివాళ్ళలోనూ, అంటే మన దేశంలో పెద్దవాళ్ళు దాదాపు అందరిలోనూ, ఈ వైరస్ ఉన్నట్టే.

అది మెదడుకి ఎలా చేటు చేస్తుందన్న దాని మీద మూడు వాదనలున్నాయి. ఒకటి, వైరస్ అప్పుడప్పుడూ లేవడం వల్ల రక్తనాళాల్లో, నరాల్లో వాపు వస్తుంది, అది ఏళ్ళ తరబడి మెదడుని తింటుంది. సర్పి వచ్చిన తర్వాత కొంతకాలం పక్షవాతం ముప్పు పెరుగుతుందని ఎప్పటి నుంచో తెలుసు కాబట్టి ఇది వింత వాదనేం కాదు. రెండు, ఈ వైరస్ రేపిన వాపు వల్ల మెదడులో నిద్రపోతున్న దీని కుటుంబంలోని మరో వైరస్, హెర్పీస్ సింప్లెక్స్, అదే పెదవుల మీద జ్వరపు పొక్కులు తెచ్చేది, లేస్తుంది. 2022లో ల్యాబ్‌లో పెంచిన మెదడు కణాల్లో ఇది చూపించారు. మూడో వాదన అసలు వైరస్ ఊసే ఎత్తదు. టీకా మన రోగనిరోధక వ్యవస్థనే కొంచెం మారుస్తుంది, మేలు దానివల్ల అంటుంది. ఆడవాళ్ళలో టీకాలకి స్పందన ఎక్కువ, సర్పి కూడా వాళ్ళకే ఎక్కువ వస్తుంది. మాస్టారు అడిగినదానికి జవాబు ఇక్కడే ఎక్కడో ఉండొచ్చు.

ఇంకో చిక్కు. జోస్టావాక్స్ బతికున్న వైరస్‌ని బలహీనపరిచి చేసిన టీకా. అది అమెరికాలో 2020లోనే ఆగిపోయింది. ఇప్పుడు మన దగ్గర 2023 నుంచి దొరుకుతున్నది షింగ్రిక్స్. ఇందులో బతికున్న వైరస్ లేదు, వైరస్‌లోని ఒక ప్రోటీన్ ముక్క ఉంటుంది. సర్పిని ఆపడంలో ఇది పాతదానికంటే చాలా మెరుగు, 50 దాటినవాళ్ళలో 97 శాతం ఆపిందని దాని ట్రయల్ చెప్పింది. డిమెన్షియా మాటకొస్తే, వేల్స్ ఫలితం పాత టీకాది. కొత్తదాని మీద ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు అమెరికా రికార్డులతో 2024లో ఒక పేపరు వేశారు. డిమెన్షియా వచ్చినవాళ్ళలో కూడా, షింగ్రిక్స్ వేయించుకున్నవాళ్ళకి పాత టీకావాళ్ళకంటే సగటున 164 రోజులు ఆలస్యంగా వచ్చిందని.

---

డాలస్_అత్తయ్య రాశారు:

మేము ఇక్కడ షింగ్రిక్స్ రెండు డోసులూ వేయించుకున్నాం. 50 దాటితే ఇక్కడ ఫార్మసీలోనే వేసేస్తారు, పచారీ కొట్టుకి వెళ్ళి పాలు తెచ్చుకున్నంత తేలిక. డిమెన్షియా కోసం కాదు, మా ఆయన అక్కగారికి సర్పి వచ్చి తగ్గిన ఏడాది తర్వాత కూడా వీపు మీద పమిట తగిలితే ఏడ్చేది. అది చూసి భయపడి వేయించుకున్నాం.

రెండో డోసు మర్నాడు మాత్రం పని పెట్టుకోకండి. నాకు చలి, ఒళ్ళునొప్పులు, చెయ్యి పైకెత్తలేకపోయాను. మా ఆయన నన్ను చూసి నవ్వాడు, వారం తర్వాత ఆయన వంతు వచ్చింది. రెండు రోజుల్లో అంతా సర్దుకుంది.

---

వేపచెట్టునీడ రాశారు:

[ఈ వ్యాఖ్య తొలగించబడింది.]

నిర్వాహకులు: జ్ఞాపకశక్తి తైలాలు, లేహ్యాల ప్రకటనలకి ఈ చర్చలో చోటు లేదు. ఫోన్ నంబర్లు పెట్టకండి. ఇంకోసారి పెడితే ఖాతా ఆపేస్తాం.

---

ఓరుగల్లు_పిల్ల రాశారు:

టీకా మంచిదే కావచ్చు. కానీ ఇది సర్కారు దవాఖానాలో ఇచ్చేది కాదు, రెండు డోసులకి వేలల్లో అవుతుంది. మా నానమ్మకి అక్కి లేస్తే కుమ్మరాయన దగ్గరికి తీసుకుపోయి ఎర్రమట్టితో రాయించారు, అది మా ఊరి వైద్యం. వాళ్ళకి ఈ టీకా ముచ్చట ఎవరు చెప్పాలి, ఎవరు కొనాలి?

మన దేశంలో 60 దాటినవాళ్ళలో 7.4 శాతం మందికి డిమెన్షియా ఉందని పెద్దవాళ్ళ మతిమరుపు మీద దేశంలో చేసిన లాసి-డాడ్ సర్వే అంచనా, అంటే 88 లక్షల మంది. అందులో కూడా ఎక్కువ ఎవరికి? ఆడవాళ్ళకి, చదువు లేనివాళ్ళకి, పల్లెల్లో ఉండేవాళ్ళకి. వేల్స్ గురించి ఇంత మాట్లాడుకుంటున్నాం కానీ అదే 2025 ఏప్రిల్లో నేచర్ మెడిసిన్‌లో ఇంకో పేపరు వచ్చింది, దాన్ని ఎవరూ ఫార్వర్డ్ చేయలేదు. చైనా పల్లెల్లో చేసిన ట్రయల్. 326 ఊళ్ళు, దాదాపు 34 వేల మంది, అందరూ బీపీ ఉన్నవాళ్ళు. సగం ఊళ్ళలో మామూలు వైద్యం. మిగతా ఊళ్ళలో పెద్ద డాక్టరు కాకుండా ఊరి వైద్య కార్యకర్తే మాత్రలు మొదలుపెట్టి, డోసు పెంచి, బీపీని 130/80 కిందికి తెచ్చే దాకా వెంటపడ్డాడు. ఇంట్లో చూసుకోవడానికి బీపీ మిషన్ ఇచ్చారు. మందులు ఉచితంగానో తక్కువకో ఇచ్చారు. నాలుగేళ్ళకి డిమెన్షియా 15 శాతం తగ్గింది.

ఇది చీటీలు వేసి పంచినట్టు కాదు మాస్టారూ, నిజంగానే చీటీలు వేసి ఊళ్ళని పంచారు. మందులేమో రోజుకి కొన్ని రూపాయల్లో అయ్యేవి. మన ఆశా కార్యకర్తలతో ఇలాంటిది చేయించొచ్చు కదా అనిపించింది నాకు.

---

లెక్కలమాస్టారు రాశారు:

అమ్మాయీ, ఈ చర్చలో అన్నింటికంటే విలువైన మాట ఇదే. నేను ఆ పేపరు చదివాను, కానీ గెల్డ్‌సెట్జర్ గీత అందంలో పడి దాని ఊసెత్తలేదు. బీపీ మీద అమెరికాలో స్ప్రింట్ ట్రయల్ కూడా 2019లో దాదాపు ఇదే దిక్కు చూపించింది. పై బీపీని 120 కిందికి తెస్తే డిమెన్షియాకి ముందొచ్చే జ్ఞాపకశక్తి లోపం 19 శాతం తగ్గింది. డిమెన్షియా మాత్రం లెక్కకి నిలబడేంత తగ్గలేదు. ట్రయల్‌ని ముందే ఆపేయడం దానికి ఒక కారణం. చైనావాళ్ళకి మనుషులు ఎక్కువ కాబట్టి అది తేలింది.

---

పుస్తకాలపురుగు రాశారు:

మన హైదరాబాదు పేరు కూడా ఈ రంగంలో బాగానే వినపడుతుంది, ఎవరూ చెప్పలేదు. నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల్ని చూసి 2013లో ఒక పేపరు వేసింది. రెండు భాషలు మాట్లాడేవాళ్ళకి జబ్బు నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైందని. బడి మొహం చూడనివాళ్ళలో కూడా ఈ తేడా కనపడింది. హైదరాబాదులో తెలుగు, దక్కనీ, హిందీ కలిపి మాట్లాడేవాళ్ళు వలస వచ్చినవాళ్ళే కానక్కర్లేదు, చదువుకున్నవాళ్ళే కానక్కర్లేదు. కెనడా పరిశోధనల్లో రెండు భాషలవాళ్ళు చాలామంది వలస వచ్చినవాళ్ళేనన్న పెద్ద అభ్యంతరం ఇక్కడ తొలగిపోయింది.

---

సీమపులి రాశారు:

పేరు మనదైతే అనుమానాలు పోతాయా? అక్కడ మాస్టారు చెప్పిన గీత లేదు కదా. రెండు భాషలు వచ్చినవాడు బయట నలుగురితో తిరిగేవాడు అయ్యుంటాడు. తిరుగుడే మెదడుని కాపాడిందేమో.

---

పుస్తకాలపురుగు రాశారు:

అయ్యుండొచ్చు. కానీ అలా అయితే మా అమ్మని ఇరుగుపొరుగుతో కబుర్లకి పంపించడం కూడా వైద్యమే అవుతుంది, అదీ సంతోషమే!

---

నిర్వాహకులు: భాషల సంగతికి వేరే చర్చ తెరుస్తున్నాం, ఆసక్తి ఉన్నవాళ్ళు అక్కడ కొనసాగించండి.

---

సీమపులి రాశారు:

పీజీ డాక్టరు గారికి ఒక ప్రశ్న. వైరసే కారణమైతే వైరస్‌ని చంపే మాత్రలు ఇస్తే సరిపోవాలి కదా? టీకా ఎందుకు?

---

పీజీ_కాకినాడ రాశారు:

ఇచ్చి చూశారు. అమెరికాలో వాలాడ్ అని ఒక ట్రయల్ చేశారు. అల్జీమర్స్ తొలి దశలో ఉండి, హెర్పీస్ సింప్లెక్స్ వైరస్ సోకిన ఆనవాళ్ళున్న 120 మందిలో కొందరికి ఆ వైరస్‌ని అణిచే వలసైక్లోవిర్ మాత్ర, కొందరికి డమ్మీ మాత్ర. 78 వారాలు. ఫలితం సున్నా. సున్నా కూడా కాదు, జ్ఞాపకశక్తి పరీక్షలో మందు వేసుకున్నవాళ్ళే కాస్త వెనకబడ్డారు.

దీంతో వైరస్ వాదన చచ్చిపోయిందా అంటే అలా అనలేం. అక్కడ గురిపెట్టింది వేరే హెర్పీస్ వైరస్ మీద, అదీ జబ్బు మొదలయ్యాక. కానీ మూడో వాదనకి కొంత బలం వచ్చింది. షింగ్రిక్స్‌లో ఏఎస్01 అనే పదార్థం కలుపుతారు, టీకాకి స్పందనని పెంచడానికి. చిలీ దేశపు కిలాజా చెట్టు బెరడు నుంచి తీసే సాపోనిన్ అందులో ఒక భాగం. అదే పదార్థం ఉన్న ఆర్ఎస్‌వీ టీకా వేయించుకున్నవాళ్ళలో కూడా డిమెన్షియా తక్కువగా కనపడిందని ఆక్స్‌ఫర్డ్ వాళ్ళే 2025లో రాశారు. ఆర్ఎస్‌వీ ఊపిరితిత్తులకి సోకే వైరస్, దానికీ ఆటలమ్మకీ చుట్టరికం లేదు. అంటే మేలు చేసింది ఆ పదార్థమే కావచ్చు. అయితే సీమపులి గారి మొదటి అభ్యంతరం ఈ పేపరుకి పూర్తిగా వర్తిస్తుంది. ఇక్కడ పుట్టిన తేదీ గీత లేదు. పైగా వేల్స్‌లో వేసిన పాత టీకాలో ఏఎస్01 అసలు లేనే లేదు, అయినా మేలు కనపడింది. కాబట్టి కథ ఇంకా ముడిపడలేదు.

---

గోదారిగట్టు రాశారు:

అందరికీ చాలా థాంక్స్. నాకు అర్థమైనంతలో అమ్మకి ఇలా చెప్పాను: "టీకా వేయిస్తాను, కానీ సర్పి రాకుండా. మెదడుకి మేలు జరిగితే అది కొసరు." ముందు బీపీ సంగతి చూద్దాం అన్నాను. మధ్యాహ్నం మాత్ర "బాగానే ఉన్నాను కదా" అని మానేస్తోందని ఇవాళే బయటపడింది!

పీజీ గారూ, మూడు విషయాలు. వినికిడి తగ్గడానికీ డిమెన్షియాకీ సంబంధం ఉందంటారు, మెషిన్ పెట్టించాలా? నాన్నగారికి 72, షుగర్, కీళ్ళవాతానికి స్టెరాయిడ్ మాత్రలు వాడుతున్నారు, ఆయనకి వేయించొచ్చా? రెండు డోసుల మధ్య ఎంత గడువు ఉండాలి?

---

పీజీ_కాకినాడ రాశారు:

వినికిడి: పెట్టించండి, మెదడు కోసం కాకపోయినా ఇంట్లో మాటలు వినపడటానికి. అమెరికాలో అచీవ్ అనే ట్రయల్‌లో మొత్తం అందరినీ కలిపి చూస్తే మూడేళ్ళలో తేడా రాలేదు. కానీ బీపీ, షుగర్ లాంటివి ఉండి ముప్పు ఎక్కువున్న గుంపులో మెషిన్ పెట్టుకున్నవాళ్ళ జ్ఞాపకశక్తి క్షీణత 48 శాతం నెమ్మదించింది. అమ్మగారు ఆ రెండో గుంపుకే దగ్గర. లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ 2024లో డిమెన్షియాకి చెప్పిన 14 ముప్పుల్లో వినికిడి, బీపీ రెండూ ఉన్నాయి.

నాన్నగారు: షింగ్రిక్స్‌లో బతికున్న వైరస్ లేదు కాబట్టి రోగనిరోధక శక్తి తగ్గినవాళ్ళకి కూడా వేస్తారు. నిజానికి అలాంటివాళ్ళకే సర్పి ముప్పు ఎక్కువ. కాకపోతే స్టెరాయిడ్ డోసు ఎంతో, ఎప్పుడు వేస్తే స్పందన బాగుంటుందో ఆయన్ని చూసే కీళ్ళ డాక్టరునే అడగండి. ఫోరంలో నేను చెప్పడం పద్ధతి కాదు. ఒకవేళ ఇప్పుడు ఒంటి మీద సర్పి ఉంటే మాత్రం తగ్గేదాకా ఆగాలి. టీకా వైద్యం కాదు, నివారణ. ఈ టీకా తర్వాత చాలా అరుదుగా నరాల బలహీనత తెచ్చే గీయాన్-బారే సిండ్రోమ్ వచ్చిందని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2021లో హెచ్చరిక చేర్చింది. ఇంతకుముందు అది వచ్చి ఉంటే డాక్టరుకి తప్పకుండా చెప్పండి.

గడువు: మొదటి డోసు తర్వాత 2 నుంచి 6 నెలల లోపు రెండోది, కండలోకి.

---

డాలస్_అత్తయ్య రాశారు:

ఇద్దరికీ ఒకే రోజు వేయించకు తల్లీ. మర్నాడు వంట ఎవరు చేస్తారు?

---

గోదారిగట్టు రాశారు:

హహ, నోట్ చేసుకున్నా అత్తయ్యా. ఒకవేళ 6 నెలలు దాటిపోతే? నాన్నగారు ఊరెళ్తే ఎప్పుడు తిరిగొస్తారో తెలీదు.

---

పీజీ_కాకినాడ రాశారు:

ఆలస్యమైనా మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టక్కర్లేదు. వచ్చాక రెండోది వేయించెయ్యండి.